కుళ్ళినదంతా ఎరువేనా?



ఈ శీర్షికలో కంపోస్టును గురించి మేము ఇదివరకే మూడు పర్యాయాలు వ్రాసి ఉన్నాము. వంటింట్లో మిగిలినది, తోటలో రాలినది, కుళ్ళగలిగినది ఏదైనా సరే గుంతలో వేయండి, మూడు నెలలలో అది నల్లని బంగారమై బయటికి వస్తుంది అని అప్పట్లో ధీమాగా చెప్పాము. ఆ మాట విని మన టౌన్‌షిప్‌లోని ఎందరో గృహిణులు తడి చెత్తను, పొడి చెత్తను వేరు చేయడం అలవాటు చేసుకున్నారు. షాపింగ్ సెంటరు వెనుక ఇటుకలతో కట్టిన ఆరు గుంతలు ఏనాడూ ఖాళీగా లేవు. అయితే "కుళ్ళగలిగినది ఏదైనా" అన్న ఆ మాటను నేడు సవరించుకొనవలసి వచ్చినది. ఎందుకు వచ్చినదో చెప్పడమే ఈ నెల వ్యాసం ఉద్దేశము.

క్రిందటి కార్తికమాసంలో మన క్వార్టర్లలోని టమాటా మొక్కలకు ఆకులు ముడుచుకొని పోయాయి. ఒక వరుసలో నాలుగు ఇళ్ళ పెరళ్ళలో ఒకే విధంగా జరిగింది. నాలుగిళ్ళవారూ మన గుంతల ఎరువునే వాడారు. పది రోజులు తిరగకముందే "కంపోస్టు పాడైపోయిందట" అన్న మాట టౌన్‌షిప్ అంతటా పాకింది. మహిళా మండలి వారు అమ్మే ఐదు కిలోల సంచులు కొనేవారు లేక మూలుగుతున్నాయి. కంపోస్టు సంఘంలో సభ్యులమైన మాకు ముందు కోపమే వచ్చింది. ఇంత శ్రమపడి చేస్తే నింద మనకా అనిపించింది. ఆ రోజులలోనే ఒక సహోద్యోగి శ్రీమతి సాయంకాలపు నడకలో మమ్మల్ని ఆపి అడిగారు.

"అన్నయ్యగారూ, ఎరువులో దోషం లేదని మీరు ఏ ఆధారంతో అంటున్నారు? పరీక్ష చేయించారా?"

సమాధానం చెప్పలేకపోయాము. ముప్పయి సంవత్సరాలుగా ప్లాంటులో పరీక్షపత్రం లేని సరుకును లోపలికి రానివ్వని మనుషులము మేము. ఇంటి ముందరి ఎరువు విషయంలో మాత్రం నమ్మకంతోనే సరిపెట్టుకున్నాము. ఆ రాత్రి నుండే చదవడం మొదలుపెట్టాము. చదివిన కొద్దీ ఆమె అడిగిన ప్రశ్న మేము అనుకున్నదానికంటె పెద్దదని తెలిసివచ్చినది.

ముందుగా కంపోస్టు గుంతలో జరిగేదేమిటో ఒకమారు గుర్తు చేసుకుందాము. ఆకులలోని, కూరగాయల తొక్కులలోని పిండిపదార్థాలను, మాంసకృత్తులను, పీచును సూక్ష్మజీవులు ఆహారంగా తీసుకుంటాయి. అవి తినే వేగానికి కుప్ప లోపల వేడి 55 నుండి 65 డిగ్రీల వరకు పెరుగుతుంది. ఆ వేడికి రోగక్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి. కర్బనంలో అధికభాగం బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలిసిపోతుంది. కనుకనే నిండుగా నింపిన గుంత మూడు నెలలలో సగానికి దిగిపోతుంది.

ఇక్కడ మనకు అలవాటైన పదార్థ లెక్క ఒకటి వేసి చూద్దాము. లోపలికి వెళ్ళినది ఎంతో, విరిగిపోయినది, బయటికి వచ్చినది కలిపితే అంతే కావాలి. నూరు కిలోల ఎండు పదార్థం వేశాము, యాభై కిలోలు మిగిలింది. ఆ నూరు కిలోలతోపాటు సూక్ష్మజీవులు తినలేని రసాయనం ఒక గ్రాము లోపలికి వెళ్ళిందనుకుందాము. బయటికి వచ్చే యాభై కిలోలలోనూ ఆ గ్రాము అలాగే ఉంటుంది. అంటే దాని సాంద్రత రెట్టింపు అయినదన్నమాట. విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా అని మన పెద్దలు ఊరకనే అనలేదు. గుంతకు వడపోసే గుణం లేదు. తినగలిగిన దానిని తింటుంది, తినలేని దానిని చిక్కబరుస్తుంది.

ఈ సంగతిని లోకానికి మొదటగా స్పష్టంగా తెలియజెప్పినది అమెరికా దేశపు వాషింగ్టన్ రాష్ట్రము. ఆ రాష్ట్రంలోని స్పోకేన్ నగరవాసులు తమ పచ్చిక బయళ్ళ గడ్డిని కోసి వేరుగా ఇచ్చేవారు. నగరపాలక వ్యవస్థ దానిని ఒకచోట కుప్పలు పోసి కంపోస్టు చేసి తోటలకు అమ్మేది. 1999, 2000 సంవత్సరాలలో ఆ ఎరువు వేసిన పెరళ్ళలో టమాటా, చిక్కుడు జాతి మొక్కలు వికృతంగా పెరగసాగాయి. ఆకులు గిన్నెల వలె లోపలికి ముడుచుకొనడం, కాండం మెలికలు తిరగడం, చిగురు సన్నబడి దారాల వలె కావడం ప్రధాన లక్షణాలు. అదే రాష్ట్రంలోని పుల్‌మన్‌లో ఉన్న వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం తన పశువుల కొట్టాల ఎరువుతో చేసిన కంపోస్టులోనూ 2000వ సంవత్సరంలో ఇదే దోషం బయటపడింది.

కారణం వెదకగా క్లోపైరాలిడ్ అనే కలుపుమందు దొరికింది. విశ్వవిద్యాలయపు ఎరువులో దానితోపాటు పిక్లోరాం అనే మరొక మందు కూడా కనబడింది. క్లోపైరాలిడ్ పచ్చిక బయళ్ళలో వెడల్పు ఆకుల కలుపును చంపి, గడ్డిని మాత్రం వదలివేస్తుంది. మొక్కలలో సహజంగా ఉండే ఆక్సిన్ అనే పెరుగుదల పదార్థాన్ని ఇది అనుకరిస్తుంది. దాని ప్రభావంతో మొక్క అదుపు తప్పి పెరిగి చచ్చిపోతుంది. గడ్డికి హాని లేదు కనుక గడ్డి ఆ మందును తనలో ఉంచుకొని పచ్చగానే నిలబడుతుంది. చూసేవారికి అనుమానం రాదు. కోసిన గడ్డి గుంతకు చేరుతుంది. 2,4-డి వంటి పాత కలుపుమందు కంపోస్టు కుప్పలో చాలావరకు విరిగిపోతుంది. క్లోపైరాలిడ్ అలా విరగదు. అన్నీ కుళ్ళిన తరువాత కూడా అది మిగిలే ఉంటుంది.

ఎంత మిగిలితే హాని? వంద కోట్ల పాళ్ళలో పది పాళ్ళు ఉన్నా, అంతకు తక్కువ ఉన్నా కూడా చిక్కుడు, బఠాణి, టమాటా వంటి సున్నితమైన మొక్కలు దెబ్బతింటాయి. ఈ లెక్కను మన కొలతలలో చెప్పుకుంటే ఒక టన్ను ఎరువులో పది మిల్లీగ్రాములు. పది మిల్లీగ్రాములంటే పంచదార పలుకులు పదో ఇరవయ్యో. ఒక లారీడు ఎరువును పాడుచేయడానికి చిటికెడు మందు కూడా అవసరం లేదు.

ఫలితంగా 2002లో వాషింగ్టన్ రాష్ట్రం పచ్చిక బయళ్ళపై ఈ మందు వాడకాన్ని కట్టడి చేసింది. అదే సంవత్సరం తయారీదారైన డౌ ఆగ్రోసైన్సెస్ సంస్థ ఇళ్ళ ముందరి పచ్చికలపై వాడేందుకు ఉన్న అనుమతిని వదులుకున్నది. నివారణ ఎక్కడ జరిగినదో పాఠకులు గమనించగలరు. గుంతను ఎంత తిరగవేసినా, ఎన్ని నెలలు అదనంగా మాగబెట్టినా పూర్తిగా తీరని సమస్య అది. మందు గడ్డి మీద పడకుండా ఆపినప్పుడే తీరింది.

2008లో బ్రిటన్‌లో జరిగినది మనకు మరింత ఆశ్చర్యం కలిగిస్తుంది. అక్కడ పెరటి తోటల వారు వేసినది పశువుల ఎరువు. మన ఇళ్ళలో పేడకంటె పవిత్రమైన ఎరువు మరొకటి లేదు కదా. ఆ పేడే బంగాళాదుంపలను, చిక్కుళ్ళను, టమాటాలను వికలాంగం చేసింది. పశువుల మేతకై పెంచిన గడ్డిపై అమినోపైరాలిడ్ అనే కలుపుమందు చల్లారు. ఇది క్లోపైరాలిడ్‌కు దగ్గరి చుట్టము. ఆవు ఆ గడ్డిని తిన్నది. మందు ఆవుకు హాని చేయలేదు, ఆవు కడుపులో విరగనూ లేదు. పేడలో, మూత్రంలో యథాతథంగా బయటికి వచ్చింది. అరగని పీచులో చిక్కుకొన్న మందు, ఆ పీచు మట్టిలో కుళ్ళుతున్న కొద్దీ మెల్లగా విడుదలై వేళ్ళకు అందింది. ఆ ఏడు జూలైలో బ్రిటన్ ఆ మందు అనుమతిని నిలుపు చేసింది. మరుసటి సంవత్సరం కఠినమైన నిబంధనలతో తిరిగి అనుమతించింది. ఎరువు అమ్మినవారికి గాని, కొన్నవారికి గాని గడ్డిపై చల్లినదేమిటో తెలియకపోవడమే అక్కడ అసలు చిక్కు.

ఇంతవరకు చదివిన తరువాత మా టమాటా మొక్కల సంగతి తేల్చక తప్పదనిపించింది. ఇటువంటి మందుల ఉనికిని పట్టుకొనడానికి ఖరీదైన యంత్రాలు లేకున్నా మొక్కలతోనే చేయగల పరీక్ష ఒకటి ఉన్నది. వాషింగ్టన్ అనుభవం తరువాత ఎందరో కంపోస్టు తయారీదారులు దీనిని అనుసరిస్తున్నారు. మేమూ అదే చేశాము. పన్నెండు కుండీలు తీసుకున్నాము. ఆరింటిలో మన ఎరువు, నర్సరీ మట్టి చెరిసగం కలిపి నింపాము. ఆరింటిలో నర్సరీ మట్టి మాత్రమే నింపాము. అన్నింటిలోనూ ఒకే పొట్లంలోని బీన్స్ గింజలు, కుండీకి మూడేసి చొప్పున నాటాము. ఒకే నీరు, ఒకే ఎండ. ఏ కుండీలో ఏమున్నదో అడుగున వ్రాసి, రోజూ చూసేవారికి తెలియకుండా ఉంచాము. మూడు వారాలు గడిచిన తరువాత కుండీలను వరుసగా పెట్టి, ఆ ప్రశ్న అడిగిన సోదరినే పిలిచి ఏవి వంకరగా ఉన్నాయో చెప్పమన్నాము.

ఆమె ఒక్కొక్క ఆకును తిప్పి చూసి, "అన్నీ బాగానే ఉన్నాయి అన్నయ్యగారూ" అన్నారు. ఎరువు వేసినవి మరింత ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి. అంటే మన ఎరువులో కలుపుమందు దోషం లేనట్లే. మరి టమాటా ఆకులు ఎందుకు ముడుచుకున్నాయి? ఉద్యానశాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దమనిషి వచ్చి ఆకుల అడుగుభాగం చూపించారు. తెల్లదోమ గుంపులుగా ఉన్నది. తెల్లదోమ మోసుకొని వచ్చే ఆకుముడత వైరస్ మన దేశంలో టమాటాకు పాత శత్రువే. ఎరువు వేయని రెండు పెరళ్ళలో కూడా అదే తెగులు ఉన్నదని అప్పుడు తెలిసింది.

నింద తొలగిపోయినదని మేము సంతోషించాము. అయితే ఆ సంతోషం ఎక్కువకాలం నిలువలేదు. కుండీల వద్దనే ఆ సోదరి రెండవ ప్రశ్న వేశారు.

"కాంటీన్‌లోని పళ్ళేలు కూడా ఈ గుంతలోనే వేస్తున్నారు కదా. నూనె పోసినా తడవని ఆ కాగితం దేనితో చేస్తారు?"

ఈ ప్రశ్నకు నేపథ్యం చెప్పాలి. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు మన దేశంలో నిషిద్ధమైనాయి. అది ఎంతో అవసరమైన నిర్ణయము. ఆ తరువాత మన కాంటీన్‌లో, కల్యాణ మండపంలో చెరకుపిప్పితో అచ్చుపోసిన పళ్ళేలు, పూత పూసిన కాగితపు పళ్ళేలు వచ్చాయి. కట్టల మీద ఆకు బొమ్మ, భూమిలో కలిసిపోతుందన్న మాట ఉన్నాయి. వాటిని గుంతలో వేయవచ్చునా అని సంఘంలో చర్చ వచ్చినప్పుడు, వేయవచ్చునని వాదించి కాగితంపై సంతకం చేసినవారిలో మేము ప్రథములము.

కాగితానికి, పిప్పికి సహజంగా నూనెను ఆపే గుణం లేదు. ఆ గుణం కల్పించడానికి ప్రపంచమంతటా అనేక తయారీదారులు దశాబ్దాలపాటు ఫ్లోరిన్ రసాయనాలను వాడారు. వీటిని పొడి అక్షరాలలో పీఎఫ్‌ఏఎస్ అంటారు. ఇవి వేల సంఖ్యలో ఉన్నాయి. 1938లో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుగొన్న టెఫ్లాన్ ఈ కుటుంబంలోనిదే. కర్బనం, ఫ్లోరిన్ పరమాణువుల మధ్య ఉండే బంధం సేంద్రియ రసాయనశాస్త్రంలోని ఏకబంధాలలో అన్నిటికంటె బలమైనది. ఎండకు, నీటికి, సూక్ష్మజీవులకు అది లొంగదు. అందువలననే వీటికి శాశ్వత రసాయనాలు అన్న పేరు వచ్చింది. పళ్ళెంలోని పిప్పి గుంతలో నిజంగానే కుళ్ళిపోతుంది, కట్ట మీద వ్రాసినది అబద్ధం కాదు. పూతగా వాడిన రసాయనం మాత్రం కుళ్ళదు. అంతేకాక ఈ కుటుంబంలోని కొన్ని పెద్ద అణువులు గుంతలో కొంతవరకు విరిగి, ఇక విరగని చిన్న ఆమ్లాలుగా మారి నిలిచిపోతాయి.

అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2019లో ప్రకటించిన పరిశోధన ఈ విషయంలో మా కన్ను తెరిపించింది. ఆహారపు పొట్లాలను, పళ్ళేలను కూడా స్వీకరించే కేంద్రాల కంపోస్టులో ఈ ఆమ్లాలు కిలోకు సుమారు 29 నుండి 76 మైక్రోగ్రాముల వరకు ఉన్నాయి. అటువంటి పొట్లాలను స్వీకరించని చోట్ల 2.4 నుండి 7.6 మైక్రోగ్రాములే ఉన్నాయి. గుంతలు అవే, సూక్ష్మజీవులు అవే. గుమ్మం వద్ద దేనిని రానిచ్చారు అన్నదే తేడా.

కిలోకు డెబ్బయి మైక్రోగ్రాములు ఏమంత అని అడగవచ్చును. ఎరువును ఎవరూ తినరు, నిజమే. కాని ఇవి వాననీటితో క్రిందికి దిగుతాయి. పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్ అనే రెండు ముఖ్య రసాయనాలకు అమెరికా పర్యావరణ సంస్థ 2024లో తాగునీటిలో విధించిన పరిమితి లీటరుకు 4 నానోగ్రాములు. మైక్రోగ్రాములో వెయ్యవ వంతు నానోగ్రాము. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా విభాగం 2023 చివరలో పీఎఫ్‌ఓఏను మనుషులకు కాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. స్టాక్‌హోం ఒప్పందం పట్టికలో పీఎఫ్‌ఓఎస్ 2009లోనూ, పీఎఫ్‌ఓఏ 2019లోనూ చేరాయి.

ఎరువు నుండి నీటి వరకు ఈ దారి ఊహ కాదు. జర్మనీ నైరుతి భాగంలో రాష్టాట్, బాడెన్-బాడెన్ పట్టణాల చుట్టూ ఉన్న పొలాలలో అది జరిగింది. అక్కడ కాగితపు పరిశ్రమ నుండి వచ్చిన బురదను కంపోస్టులో కలిపి కొన్ని సంవత్సరాలపాటు పొలాలకు చల్లారు. 2013 ప్రాంతంలో భూగర్భజలంలో ఈ ఫ్లోరిన్ రసాయనాలు బయటపడ్డాయి. వెదకగా వేయి హెక్టారులకు పైగా నేల కలుషితమైనదని తేలింది. కొన్ని తాగునీటి బావులను మూసివేయవలసి వచ్చింది. అక్కడి పంటలను కోతకు ముందే పరీక్షించే ఏర్పాటు చేశారు. ఎరువు చల్లడం ఆగిపోయిన ఎన్నో ఏళ్ళ తరువాత జరిగిన కథ ఇది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 2022లో మురుగునీటి బురదను, దానితో చేసిన కంపోస్టును పొలాలకు వేయడాన్ని చట్టం ద్వారా పూర్తిగా నిషేధించడానికి కారణం కూడా ఈ రసాయనాలే.

మన దేశంలో కంపోస్టు నాణ్యతకు ప్రమాణాలు లేకపోలేదు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్టణ కంపోస్టులో సీసం కిలోకు 100, కాడ్మియం 5, పాదరసం 0.15 మిల్లీగ్రాములకు మించరాదు. ఆర్సెనిక్, క్రోమియం, నికెల్, రాగి, తుత్తునాగాలకు కూడా హద్దులు ఉన్నాయి. మేము మన ఎరువు నమూనాను ఒక ప్రయోగశాలకు పంపగా, ఈ లోహాలన్నీ హద్దులలోనే ఉన్నాయన్న పత్రం వచ్చింది. ఆ పత్రం నిజమే, విలువైనదే. అయితే కలుపుమందులు, ఫ్లోరిన్ రసాయనాలు ఆ పట్టికలోనే లేవు. అడగని ప్రశ్నకు ఏ పత్రమూ జవాబు చెప్పదు. మా బీన్స్ మొక్కలు కూడా ఇక్కడ అక్కరకు రావు. ఫ్లోరిన్ రసాయనాన్ని పీల్చుకొన్న మొక్క ఆకు ముడవదు, రంగు మారదు. నవనవలాడుతూనే కాయ కాస్తుంది. దీనిని కొలవడానికి ప్రత్యేకమైన పరికరాలు, గణనీయమైన ఖర్చు కావాలి. ఆరు గుంతల సంఘం ప్రతి కుప్పకూ ఆ ఖర్చు భరించలేదు.

మన పళ్ళేలలో ఈ రసాయనం ఉన్నదని మేము అనడం లేదు. లేదని చెప్పగలిగే పత్రం చూపమని సరఫరాదారుకు రెండు ఉత్తరాలు వ్రాశాము. ఇది వ్రాస్తున్న నాటికి ఏ సమాధానమూ రాలేదు. ప్లాంటులో ఇటువంటి సందర్భం వస్తే మనమేమి చేస్తాము? పత్రం లేని బోల్టును బాయిలరుకు బిగించము. అదే సూత్రం ఇక్కడ కూడా వర్తింపజేయాలని సంఘంలో ప్రతిపాదించాము. మా పాత సంతకాన్ని మేమే రద్దు చేసుకున్నాము.

సంఘం చేసిన తీర్మానాలు పాఠకుల సౌకర్యార్థం ఇక్కడ వివరిస్తున్నాము. ఇకమీదట పూత పూసిన కాగితం, అచ్చు పళ్ళేలు, నూనె అంటని పొట్లాలు, మెరిసే పిజ్జా డబ్బాలు గుంతలో వేయరాదు. వాటిని పొడి చెత్తతో ఇవ్వాలి. మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఎండిన బురదను మన కంపోస్టులో కలుపుదామన్న పాత ప్రతిపాదన విరమించుకోవడమైనది. అతిథి గృహం పచ్చికపై కలుపుమందు చల్లిన గడ్డిని గుంతకు తేరాదు. కోసిన చోటనే పరచి వదలాలి. ఏ మందు, ఏ తేదీన చల్లారో తోటమాలి పుస్తకంలో వ్రాయాలి. బయటినుండి పేడ కొనేటప్పుడు పశువులకు వేసిన మేతపై ఏమి చల్లారని అడగాలి. తయారైన ప్రతి కుప్ప నుండి నమూనా తీసి మూడు వారాల బీన్స్ పరీక్ష చేసిన తరువాతనే సంచులు కట్టాలి. ఈ పరీక్ష బాధ్యతను టౌన్‌షిప్ పాఠశాల తొమ్మిదవ తరగతి విద్యార్థులు ఉత్సాహంగా స్వీకరించారు.

ఒక చిక్కు మిగిలి ఉన్నది. పళ్ళేలు కలిసిన రెండు కుప్పల ఎరువు షెడ్డులో ఉన్నది. దానిని కూరగాయలకు ఇవ్వరాదని, బావులకు దూరంగా ఉన్న రహదారి చెట్లకు పలుచగా వేయాలని నిర్ణయించాము. ఇది సమస్యను తగ్గించే మార్గమే, తీర్చే మార్గం కాదు. ఇదివరకే సంచులలో మీ ఇళ్ళకు చేరిన ఎరువును వెనుకకు రప్పించడం మా వలన కాదు. మట్టిలో కలిసిన దానిని వేరు చేయలేము. సంచి ఇంకా విప్పనివారు మహిళా మండలి కార్యాలయంలో ఇచ్చి సొమ్ము తిరిగి తీసుకోవచ్చును. మా మాట నమ్మి కొన్నవారికి ఈ సంగతి దాచకుండా చెప్పడం మా విధి అనుకున్నాము.

ఇదంతా చదివి ఎవరైనా కంపోస్టు చేయడమే మానివేస్తే మేము వ్రాసినదంతా వృథా అయినట్లే. కాయగూరల తొక్కులు, రాలిన ఆకులు, టీ పొడి, పూజ పూలు మునుపటివలెనే గుంతలో వేయవచ్చును. అవి చెత్తకుండీకి పోతే వచ్చే హాని తక్కువది కాదు. గుంత నమ్మకమైన పనివాడు. ఇచ్చిన పని చేస్తాడు, శక్తికి మించిన పని ఇస్తే మాత్రం చేసినట్లు కనబడి మోసపోయేది మనమే. ఇతర దేశాలలో కూడా మార్పు గుమ్మం వద్దనే మొదలైనది. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, నూనె అంటకుండా ఆహారపు కాగితాలకు వాడే ఈ ఫ్లోరిన్ పదార్థాల అమ్మకాన్ని తయారీదారులు ఆ దేశంలో నిలిపివేశారని ప్రకటించింది. ఇటువంటి రసాయనం లేని పళ్ళేలు చేయడం సాధ్యమేనని దీనివలన తెలుస్తున్నది. కొనేవారు అడగడం నేర్చుకోవాలి.

కాంటీన్ సంఘం వచ్చే నెల నుండి స్టీలు కంచాలు తిరిగి ప్రవేశపెట్టడానికి అంగీకరించింది. కడగడానికి ఇద్దరు మనుషులు, కొంత నీరు అదనంగా కావాలి. ఆ ఖర్చు మూలంగా భోజనం టిక్కెట్టు రెండు రూపాయలు పెరుగుతుంది. సహోద్యోగులు ఈ భారాన్ని సహృదయంతో స్వీకరించగలరని ఆశిస్తున్నాము. కల్యాణ మండపానికి మాత్రం మన పెద్దలు ఏనాడో ఉపాయం చెప్పారు. అరిటాకు, అడ్డాకు, మోదుగాకు. పుల్లతో కుట్టిన విస్తరిలో పప్పు, పులుసు, పాయసం అన్నీ తిన్న తరము మాది. తిన్న తరువాత విస్తరిని మడిచి పెంటకుప్పలో వేసేవారము, మరుసటి వ్యవసాయానికి అది మట్టి అయ్యేది. ఆ రోజులలో గుంతను ఎవరూ అనుమానించవలసిన పని లేకపోయింది.

వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు షాపింగ్ సెంటరు వెనుక గుంతల వద్ద కొత్త కుప్ప నుండి తీసిన బీన్స్ కుండీలు ప్రదర్శనకు ఉంచుతాము. ఏ కుండీలో ఏమున్నదో అడుగున వ్రాసి ఉంటుంది. వచ్చి మీ కళ్ళతో చూసి తేల్చండి.